కేర్‌గివర్ గడిలో రెండు మాటలు: సింగపూర్‌లో ఒక ఇంటి కేసు

సింగపూర్‌లో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. నా పని ఎక్కువగా ఇళ్లలోనే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు మంచం మీంచి లేవగలరా, బాత్రూమ్ దాకా వెళ్లి రాగలరా, పడిపోకుండా ఉండాలంటే ఇంట్లో ఏం మార్చాలి, ఇవి చూడడం. ఇక్కడ రాస్తున్నది 2023 చివర్లో నా దగ్గరికి వచ్చిన కేసు. ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఎన్నో కేసులు చక్కగా పూర్తయ్యాయి. అయినా దీన్నే ఎంచుకున్నది ఇందులో నేను చేసిన పొరపాటు వల్ల. ముసలితనాన్ని మనం లెక్కపెట్టే తీరులోనే ఆ పొరపాటు ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇల్లు

టో పాయో అనే పేటలో 1970 ప్రాంతంలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాక్. మూడు గదుల ఫ్లాట్ అంటారు గానీ ఇక్కడి లెక్కలో హాలు కూడా ఒక గదే. పడగ్గదులు రెండు. అంకుల్‌కి 81. షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పట్టుకుంటే లేస్తారు, నాలుగడుగులు వేస్తారు. ఆంటీకి 77. షుగర్, మోకాళ్ల నొప్పులు. పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోవడం అప్పటికే మొదలైంది. కూతురికి 54, పెళ్లి చేసుకోలేదు. ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేది. నాన్న ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఉద్యోగం మానేసింది. కొడుకు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు, నెలనెలా కొంత పంపిస్తాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మంలోనే ఆంటీ "జియా పా బ్వే?" అని అడిగారు. ఇక్కడి చైనీయులు మాట్లాడే హోక్కియన్ భాషలో "తిన్నావా?" అని. నాకు వచ్చిన కొద్దిపాటి హోక్కియన్‌లో ఇదే మొదట నేర్చుకున్న మాట. పలకరింపుగా ఇదే ప్రశ్న వింటూ పెరిగినదాన్ని కాబట్టి నోటికి తొందరగా ఎక్కింది.

ఇల్లంతా కొలిచాను. బాత్రూమ్ గడప పది సెంటీమీటర్లు. తడిస్తే జారే పాత టైల్స్. పట్టుకోవడానికి గోడకి ఏమీ లేదు. ఫారంలో అన్నీ రాశాను. "ప్రధాన సంరక్షకులు" అన్న గడిలో మాత్రం రెండే మాటలు రాశాను: "కూతురు. ఉంది."

అంతే. ఆమె వయసు రాయలేదు. ఉద్యోగం మానేసిన సంగతి రాయలేదు. రాత్రి ఎక్కడ పడుకుంటుందో అడగలేదు. ఆమె ఉంది కాబట్టి ఇల్లు సురక్షితం అనుకుని ముందుకెళ్లిపోయాను.

దేశం లెక్క

ఈ ఇల్లు ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1965లో స్వతంత్ర దేశమైనప్పుడు సింగపూర్‌లో ఒక్కో స్త్రీకి సగటున నలుగురికి పైగా పిల్లలు. స్థలం లేదు, ఉద్యోగాలు లేవు అన్న భయంతో 1970లలో "ఇద్దరు చాలు" అని ప్రభుత్వం గట్టిగా ప్రచారం చేసింది. 1970లు ముగియకముందే సంతాన సగటు రెండుకి దిగిపోయింది. 1987లో మాట మార్చి "స్తోమత ఉంటే ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ" అన్నారు. జనం మాత్రం వెనక్కి రాలేదు. 2023లో ఆ సగటు 0.97, దేశ చరిత్రలో మొదటిసారి ఒకటి కంటే తక్కువ. అటు ఆయుర్దాయం ఎనభై దాటింది. పౌరుల్లో 65 ఏళ్లు దాటినవాళ్లు 2014లో 12.4 శాతం ఉంటే 2024లో 19.9 శాతం. 2030కి నలుగురిలో ఒకరు. యూరప్ దేశాల్లో తరాలు పట్టిన మార్పు ఇక్కడ ఒక మనిషి ఉద్యోగ జీవితంలో జరిగిపోయింది.

ద్వీప దేశం కావడం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. పెద్ద దేశంలోనైతే ఖర్చు తక్కువగా ఉండే ఊరికి పోయి బతకొచ్చు. ఇక్కడ ఊరూ దేశమూ ఒకటే. ఏడు వందల చిల్లర చదరపు కిలోమీటర్లలో అరవై లక్షల మంది. ముసలితనం ఎక్కడ గడుపుతావంటే ఆ ఫ్లాట్లో, ఆ లిఫ్ట్ పక్కన, ఆ బ్లాక్ కిందే.

ఈ దేశం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1982లోనే వృద్ధుల సమస్యల మీద హవ్ యూన్ చోంగ్ అధ్యక్షతన కమిటీ వేశారు. సీపీఎఫ్ డబ్బు తీసుకునే వయసు 55 నుంచి 60కి పెంచమని 1984లో ఆ కమిటీ చెబితే జనం మండిపడ్డారు, ఆ ఏడాది ఎన్నికల్లో అధికార పార్టీ ఓట్లు బాగా తగ్గాయి. సీపీఎఫ్ అంటే జీతంలోంచి ఉద్యోగి, యజమాని ఇద్దరూ కట్టే పొదుపు, 1955 నుంచి ఉంది. ఇక్కడి పింఛను దాదాపుగా అదే. ఎవరి సంపాదన బట్టి వాళ్లకి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, కూతురి సంగతికి వచ్చినప్పుడు ఇదే అసలు విషయం అవుతుంది.

ఆ తర్వాత చాలా జరిగాయి. తల్లిదండ్రుల పోషణ చట్టం 1995లో వచ్చింది. కొన్ని అంతస్తుల్లో మాత్రమే ఆగే పాత లిఫ్టులను ప్రతి అంతస్తులో ఆగేలా మార్చే పని 2001లో మొదలైంది. రోడ్డు దాటేటప్పుడు పెద్దవాళ్లు కార్డు తాకిస్తే పచ్చ మనిషి బొమ్మ ఇంకో 3 నుంచి 13 సెకన్లు నిలబడుతుంది. 2012లో ఈజ్ అనే పథకం వచ్చింది. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, చిన్న ర్యాంపులు పెట్టిస్తారు, పౌరులకు ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. పథకాల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇంత శ్రద్ధగా టైల్స్ దాకా ఆలోచించిన ప్రభుత్వాలు అరుదు. నాకు కనిపించిన లోటు ఇంకో చోట ఉంది.

మొదటి ప్రయత్నం

ఈజ్‌కి దరఖాస్తు పెట్టాం. అంకుల్ 1950కి ముందు పుట్టినవారు కాబట్టి పయనీర్ తరం, అంటే దేశం తొలినాళ్లవాళ్లని ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన తరం. స్నానం, బట్టలు, టాయిలెట్, లేవడం, నడవడం, తినడం అనే ఆరు పనుల్లో కనీసం మూడింటికి ఆయనకి మనిషి సాయం కావాలి. దాంతో పయనీర్ తరానికి నెలకు వంద సింగపూర్ డాలర్లు ఇచ్చే సాయం వచ్చింది. ఇంటి ఆదాయం తక్కువ కాబట్టి హోమ్ కేర్‌గివింగ్ గ్రాంట్ కింద అప్పట్లో నెలకు 400 డాలర్లు. తమ పనులు తాము చేసుకోలేని స్థితి వస్తే నెలనెలా డబ్బిచ్చే ఎల్డర్‌షీల్డ్ బీమా 2002లో వచ్చినప్పుడు ఆయన వద్దని సంతకం పెట్టి బయటికొచ్చేశారట. "అప్పుడు నా చేతులు ఇనుములా ఉండేవి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్లోకి తీసుకుని పెట్టుకున్నారు.

కడ్డీల విషయంలో ఒక సంగతి చెప్పాలి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. సాధారణంగా కమోడ్‌కి ఏ వైపు గోడ ఉంటే ఆ వైపు కడ్డీ బిగిస్తారు. ఈ ఇంట్లో ఆ గోడ ఎడమవైపు. అంకుల్‌కి పనిచేసేది కుడిచెయ్యి. అక్కడ కడ్డీ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అందుకని ఆయన్ని కుర్చీలో కమోడ్ ఎత్తులో కూర్చోబెట్టి, కుడిచెయ్యి సహజంగా ఎక్కడికి చాస్తారో చూసి, అక్కడ టేపు ముక్క అంటించాను. కుడివైపు గోడ లేదు కాబట్టి నేలకి బిగించే మడత కడ్డీ కావలసి వచ్చింది. రెండు వారాలు ఆలస్యమైంది. ఆ టేపు ముక్క తీయొద్దని ఆంటీకి చెప్పాను. ఆవిడ మర్చిపోయి ప్రతిరోజూ తుడిచేసేవారు, కూతురు మళ్లీ అంటించేది.

కడ్డీలు వచ్చాయి. నేల మీద జారకుండా పూత వేశారు. గడపకి ర్యాంపు పెట్టారు. ఫైల్లో కేసు "స్థిరంగా ఉంది" అని రాశాను.

మూడో నెలలో తెల్లవారుజామున మూడింటికి అంకుల్ పడ్డారు. కొత్త కడ్డీలున్న బాత్రూమ్‌లో కాదు, మంచానికీ తలుపుకీ మధ్య. పట్టుకోబోయి కూతురు కూడా పడింది. ఆయనకి కమిలిన గాయాలు తప్ప ఏం కాలేదు. ఆమె కుడి మణికట్టు ఎముక విరిగింది.

చేతికి కట్టు పడిన మర్నాడే ఆ ఇల్లు ఆగిపోయింది. స్నానం చేయించేవాళ్లు లేరు, షుగర్ మాత్రలు గుర్తుచేసేవాళ్లు లేరు. అంకుల్‌ని మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు. జబ్బు చేసి కాదు, ఇంట్లో చూసేవాళ్లు లేక.

పేలిక

ఆ వారం మళ్లీ వెళ్లాను. ఈసారి పగటిపూట కొలతలు తీసుకోలేదు. "రాత్రి ఎలా గడుస్తుందో మొదట్నుంచీ చెప్పండి" అని అడిగాను. కూతురు మంచం అంచున వేలాడుతున్న ఒక గుడ్డ పేలిక చూపించింది. పాత టీషర్టు అంచు చింపినది, మీటరున్నర ఉంటుంది. ఒక కొస నాన్న కుడి మణికట్టుకి, ఇంకో కొస తన ఎడమ మణికట్టుకి కట్టుకుని కింద పల్చటి పరుపు మీద పడుకుంటుంది. ఆయన కదిలితే తనకి మెలకువ వస్తుంది. రాత్రికి నాలుగైదు సార్లు. పడిన రోజు ఎంత అలసిపోయిందంటే ఆ లాగుడుకి లేవలేదు, ఆయన లేచి నిలబడ్డాక లేచింది.

ఆ పేలిక నేను అంతకుముందు రెండుసార్లు చూశాను. చెయ్యి తుడుచుకునే గుడ్డ అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

సంరక్షకుల మీద ఎంత భారం ఉందో కనిపెట్టడానికి జారిట్ ప్రశ్నావళి ఉంది. దాని నాలుగు ప్రశ్నల చిన్న రూపం నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, వాడేది తక్కువ. హాల్లో కూర్చుని అడిగితే అన్నిటికీ "ఎప్పుడూ లేదు" అని చెప్పింది. వాళ్లమ్మ పక్కనే కూర్చుని వింటున్నారు. అప్పుడు బ్లాక్ కిందకి, వాయిడ్ డెక్ అనే ఖాళీ నేలంతస్తులోకి తీసుకెళ్లి రాతి బల్ల దగ్గర కూర్చుని అవే నాలుగు ప్రశ్నలు అడిగాను. మొదటి ప్రశ్న సగంలో ఉండగానే ఏడ్చింది. "నాన్నని చూసుకోవడంలో మీకంటూ టైమ్ లేకుండా పోతోందా" అన్నదే ప్రశ్న. కొంతసేపటికి తేరుకుని, "నాకు 54. నాకు ఇలా అయితే ఎవరు కట్టుకుంటారు పేలిక?" అంది.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న అన్నిటికంటే పెద్ద పాఠం ఆ రాతి బల్ల దగ్గర నేర్చుకున్నాను. మనం ఒక వృద్ధుడి కేసు చూస్తున్నాం అనుకుంటాం. ఆ ఇంట్లోనే ఇంకో వృద్ధురాలు తయారవుతుంటుంది. సీపీఎఫ్ సంపాదనతో ముడిపడింది కాబట్టి 54లో ఉద్యోగం మానేస్తే ఆ రోజు పోయేది జీతం ఒక్కటే కాదు. ఉద్యోగంలో మిగిలిన చివరి పదేళ్ల పొదుపు ఆగిపోతుంది. 65 తర్వాత జీవితాంతం నెలనెలా వచ్చే సీపీఎఫ్ లైఫ్ డబ్బు ఆ పొదుపు నుంచే వస్తుంది. 2024లో 55 నిండినవాళ్లకి కనీస పదవీ విరమణ మొత్తం 1,02,900 డాలర్లు. ఆమె ఖాతాలో దానికి చాలా దూరం. తండ్రిని ఇంట్లో ఉంచి ప్రభుత్వానికి నర్సింగ్ హోమ్ ఖర్చు తప్పించింది. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఆమె ముసలితనం మీదికి మారింది.

పిల్లలు నలుగురైదుగురు ఉన్న తరంలో ఒకరు మానేస్తే మిగతావాళ్లు సర్దుకునేవారు. పెళ్లి కానివాళ్లు, ఒక్కరే సంతానమైనవాళ్లు పెరుగుతున్న దేశంలో ఆ లెక్క కుదరదు.

రెండో ప్రయత్నం

ముందు రాత్రి నిద్ర. పాలీక్లినిక్ డాక్టర్‌తో మాట్లాడితే, ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేస్తున్నట్టు తేలింది. అది పొద్దుటికి మార్చారు. మంచం ఎత్తు తగ్గించాం. కుడివైపు, చెయ్యి అందే దూరంలో కమోడ్ కుర్చీ, యూరిన్ బాటిల్ పెట్టాం. కాలు కింద పెడితే వెలిగే చిన్న లైటు, పరుపు మీంచి లేస్తే మోగే సెన్సర్ ప్యాడ్. కూతురు రాత్రికి ఒకసారి లేస్తే సరిపోయేలా అయింది. పేలిక విప్పడానికి మాత్రం ఆమెకి మూడు వారాలు పట్టింది. సెన్సర్ మోగుతుందన్న నమ్మకం కలగాలి కదా. నేను తొందరపెట్టలేదు.

రెండోది డే కేర్. వారానికి మూడు రోజులు వ్యాన్ వచ్చి తీసుకెళ్లి సాయంత్రం దింపుతుంది. అంకుల్ ససేమిరా అన్నారు. "ముసలాళ్లని పడేసే చోటు" అన్నది ఆయన మాట. మొదటి కేంద్రంలో రెండు రోజులుండి మొండికేశారు. అక్కడ ఆయన భాష మాట్లాడేవాళ్లు లేరు, రోజంతా ఒక్క మాట లేకుండా కూర్చున్నారట. హోక్కియన్ వచ్చే అటెండెంట్ ఉన్న ఇంకో కేంద్రం కొంచెం దూరమైనా అక్కడికి మార్చాం. ఆ అటెండెంట్ తమ్ముడు కూడా వెల్డరే. నెలయ్యాక వ్యాన్ అయిదు నిమిషాలు ఆలస్యమైతే అంకులే ఫోన్ చేయమనేవారు. పథకం కాగితం మీద భాష అనే గడి లేదు. నా అనుభవంలో డే కేర్ నిలబడేదీ కూలేదీ ఎక్కువగా దాని మీదే.

ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం గురించి కూడా మాట్లాడాం. విదేశీ పనిమనిషిని పెట్టుకుంటే ప్రభుత్వానికి కట్టే లెవీ ముసలివాళ్లున్న ఇంటికి నెలకు 300 బదులు 60 డాలర్లే, కానీ జీతం, తిండి, ఆ చిన్న ఇంట్లో పడుకునే చోటు ఎక్కడ? వదిలేశాం.

డబ్బు విషయంలో మొదట మెడికల్ సోషల్ వర్కర్ సూచించింది లీజ్ బైబ్యాక్. హెచ్‌డీబీ ఫ్లాట్లు 99 ఏళ్ల లీజు మీద ఉంటాయి. చివరి కొన్నేళ్ల లీజుని హెచ్‌డీబీకే తిరిగి అమ్మితే ఆ డబ్బు సీపీఎఫ్‌లోకి వెళ్లి నెలనెలా ఆదాయంగా వస్తుంది. ఎంతోమందికి మంచి దారి. కానీ ఉంచుకునే లీజు యజమానుల్లో అందరికంటే చిన్నవారికి 95 వచ్చేదాకా ఉంటే చాలు. ఇక్కడ యజమానులు అమ్మానాన్నలు. కూతురి పేరు లేదు. ఆ పథకంలో చేరితే తల్లిదండ్రులకి డబ్బు వస్తుంది, ఆమెకి డెబ్బై దాటే సమయానికి ఇల్లు చేజారుతుంది. ఆ రోజు మీటింగ్‌లో నేను గట్టిగానే అడ్డుచెప్పాను. నా పని కడ్డీలు పెట్టించడమే కావచ్చు, కానీ ఆ ఇల్లే ఆమె వృద్ధాప్యం.

దారి ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడాం. నాన్నకి నెలనెలా పంపే డబ్బులో కొంత చెల్లెలి సీపీఎఫ్ ఖాతాలో వేయగలరా అని అడిగాం. 55 దాటి, పొదుపు తక్కువగా ఉన్నవాళ్ల ఖాతాలో ఎవరు డబ్బు వేసినా ప్రభుత్వం అంతే మొత్తం కలిపే పథకం 2021 నుంచి ఉంది. అప్పట్లో ఏడాదికి 600 డాలర్ల దాకా కలిపేవారు, 2025 నుంచి 2,000 దాకా. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ నాన్న కోసం పంపుతున్నాననుకున్నాను. నిజానికి నాన్నని చూస్తున్నది చెల్లెలు కదా" అన్నాడు. ఆ జనవరి నుంచి వేస్తున్నాడు.

ఉద్యోగం అంత తేలిగ్గా రాలేదు. పాత కంపెనీలో ఆమె చోట వేరేవాళ్లు చేరిపోయారు. 2024 డిసెంబర్ నుంచి, పనివేళల్లో వెసులుబాటు కావాలని ఉద్యోగి అడిగితే యజమాని తప్పనిసరిగా పరిశీలించాలని దేశంలో మార్గదర్శకాలు వచ్చాయి. అయితే అవి ఉద్యోగంలో ఉన్నవాళ్లకి. మానేసి ఏడాది దాటినవాళ్లకి పనికిరావు. చివరికి అంకుల్ డే కేర్‌కి వెళ్లే మూడు రోజులూ పని దొరికింది, అదీ తక్కువ జీతానికి. ఉద్యోగం అప్పుడే మానేయొద్దని ఆసుపత్రిలోనే ఎవరైనా ఆమెకి చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇప్పుడు డిశ్చార్జ్ మీటింగుల్లో నేను కుటుంబాన్ని అడిగే మొదటి మాట "ఎవరైనా ఉద్యోగం మానేద్దామనుకుంటున్నారా?" అని. అవునంటే, ఆ పని మూడు నెలలు వాయిదా వేసి సెలవు పెట్టమని బతిమాలతాను.

ఫారం కూడా మార్చుకున్నాను. నా టీమ్‌లో సంరక్షకుల కోసం ఇప్పుడు రెండో పేజీ ఉంది. పుట్టిన తేదీ, ఆరోగ్యం, ఎక్కడ పడుకుంటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఉద్యోగం, సీపీఎఫ్ ఆగిందా, ఇంటి మీద పేరుందా. నింపడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ప్రశ్నలు ఇంట్లో అడగకూడదు, కిందకి తీసుకెళ్లి అడగాలి.

ఇప్పుడు

అంతా చక్కబడిందని చెప్పలేను. ఆంటీ మతిమరుపు ముదిరింది, 2025లో ఆవిడ పేరు మీద కూడా కేసు తెరిచాం. అంకుల్ డే కేర్‌కి వెళ్లే రోజుల్లో ఆవిడ దగ్గర ఎవరుండాలన్నది కొత్త సమస్య. బ్లాక్ దగ్గర పెద్దవాళ్ల కోసం ఉన్న యాక్టివ్ ఏజింగ్ సెంటర్ వాలంటీర్ ఒకరు మధ్యాహ్నం వచ్చి గంట కూర్చుంటున్నారు. మిగతా గంటలకి ఇంకా దారి వెతుకుతున్నాం. కూతురి మణికట్టు అతికింది గానీ బరువు ఎత్తితే నొప్పి వస్తుంది.

కిందటిసారి ఆంటీ కోసం షవర్ దగ్గర ఇంకో కడ్డీకి కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. ఆంటీ పొట్టిమనిషి. ఆవిడ చెయ్యి ఆనిన చోట టేపు ముక్క అంటించి లేవబోతుంటే, గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురు లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడి, కుడిచేత్తో గోడ మీద తనకి అందే చోటు పట్టుకుంది. అమ్మకంటే ఒక జానెడు పైన.

"ఇక్కడ ఇంకోటి పెట్టొచ్చా? నేను కూడా ఈ ఇంట్లోనే ఉంటాను కదా" అంది.

రెండో టేపు ముక్క చింపి ఆమె వేళ్ల పక్కన అంటించి, ఫారంలో రెండు ఎత్తులూ రాశాను.